మాట తేటగా వినబడే స్పీకర్లు

కుక్కరు మూడో కూత వేసేసరికి ఆమె ఆ ఫైల్లో పదకొండో ఖాళీ వదిలింది. లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, వచ్చి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. కాలికింద ఉన్న పెడల్ నొక్కి రికార్డింగుని నాలుగు సెకన్లు వెనక్కి తిప్పింది. కుడి చెవిలో అదే గొణుగుడు. ఇంకోసారి తిప్పింది. డాక్టరు ఏదో మందు పేరు చెబుతున్నాడు, నోట్లో గుడ్డ కుక్కుకుని చెప్పినట్టుంది. ఆమె ఒక గీత గీసి, పక్కన నిమిషమూ సెకనూ వేసి, పన్నెండో ఖాళీ వదిలి ముందుకి పోయింది.

ఆమె ఉద్యోగం వినడం. ఎక్కడెక్కడో ఉన్న డాక్టర్లు రోగుల్ని చూశాక, చూసిందంతా ఫోన్లోకి చెప్పి పంపిస్తారు. దాన్ని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి పంపాలి. మాట వినబడకపోతే ఊహించి రాయకూడదు, అవతల రోగి ప్రాణం. గీత గీసి వదిలెయ్యాలి, దాన్నే వాళ్ళు ఖాళీ అంటారు. పదకొండేళ్ళుగా ఆమె ఈ పని చేస్తోంది. ఒక్క డాక్టరునైనా కంటితో చూసింది లేదు గానీ అందరికీ పేర్లు పెట్టుకుంది. గొణుగుడు డాక్టరు, పరుగు డాక్టరు, ఏదో ఒకటి నములుతూనే ఉండే నమిలే డాక్టరు. ఒకప్పుడు వీళ్ళలో ఎవరి ఫైలు వచ్చినా ఆమె ఖాళీ లేకుండా పంపేది. కూర్చుని వినడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వే చుట్టాలకి జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ఆ ఇంట్లో ఆమె రెండు చెవులూ ఒకేసారి మూసుకోవడం నిషేధం. గోడకి రాసి అంటించలేదు గానీ, రూలంటే రూలే. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీవాళ్ళు పంపిన పెద్ద హెడ్‌ఫోన్లు రెండు చెవుల మీదా బోర్లించుకుని నాలుగు రోజులు హాయిగా పనిచేసింది. ఐదోరోజు గ్యాసు బండ తెచ్చినతను బెల్లు మూడుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు. సరిగ్గా అదే సమయానికి లోపలి గదిలోంచి అత్తగారు కళ్ళజోడు కోసం పిలుస్తున్నారట.

"పిలిచి పిలిచి గొంతు పోయిందిరా నాకు. చచ్చి పడున్నా తెలీదు ఈ అమ్మాయికి," అన్నారు అత్తగారు సాయంత్రం కొడుకు చెప్పులు విప్పకముందే.

ఆమె భర్త గొంతు పెంచే మనిషి కాడు. బీమా ఆఫీసులో సెక్షన్ పెద్ద, ఎవరినైనా కూర్చోబెట్టి నెమ్మదిగా అడగడం అలవాటు. "తలుపు తియ్యడానికి కూడా దిక్కులేనప్పుడు ఇంట్లో మనిషి ఉండి లాభమేంటి చెప్పు? ఇంటిపట్టునే ఉండి చేస్తానన్నావనే కదా నేను సరేనన్నది?" అన్నాడు. నిజంగానే ఆమె అలాగే అంది. మర్నాటి నుంచీ పెద్ద హెడ్‌ఫోన్లు అటకెక్కాయి. చిన్న ఇయర్‌ఫోన్లు తెచ్చుకుని కుడి చెవిలో ఒకటే పెట్టుకునేది. ఎడమది వేలాడుతూ టీ కప్పులో పడుతోందని కత్తెరతో కత్తిరించి పారేసింది. అప్పట్నుంచీ ఏ జత కొన్నా మొదట చేసే పని అదే. కుడి చెవి డాక్టర్లకి, ఎడమ చెవి ఇంటికి.

ఇంటికిచ్చిన చెవికి పని తక్కువేం కాదు. పాలు పొంగేముందు గిన్నె చేసే చప్పుడు, బట్టల మెషిను ఆఖరి తిరుగుడు, వీధి తలుపు, చినుకులు, అత్తగారి దగ్గుల్లో ఉత్త దగ్గు ఏదో పిలుపు దగ్గు ఏదో, అన్నీ అదే కనిపెట్టాలి. కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని ఏడుపులూ అలకలూ కూడా ఆ చెవికే. కూతురు చదువుకోసం హాస్టలుకి వెళ్ళాక ఆ భాగం కాస్త తగ్గింది. కుడి చెవికి నెలకోసారి జీతం వచ్చేది. ఎడమ చెవి సంగతి ఎవరికీ తోచనే లేదు, ఆమెతో సహా.

ఈ మధ్య ఆరేడు నెలలుగా ఖాళీలు పెరుగుతున్నాయి. మొదట ఆమె డాక్టర్లని తిట్టుకుంది. తర్వాత ఇయర్‌ఫోన్ని తిట్టుకుని కొత్తది కొంది, మళ్ళీ కొత్తది కొంది. ఆ పైన కంప్యూటర్ని తుడిచింది. చివరికి ఒక మధ్యాహ్నం క్వాలిటీ మేడమ్ ఫోన్ చేసింది. ఫైళ్ళలో తప్పులు పట్టే పైఅధికారి ఆవిడ, మాట ఇస్త్రీ చేసినట్టుంటుంది.

"పోయిన నెల మీ ఖాళీలు చూశారా అండీ?"

"చూశానండీ. డాక్టర్ల రికార్డింగే బాగుండటం లేదు..."

"అవే ఫైళ్ళు మిగతావాళ్ళు ఖాళీ లేకుండా చేస్తున్నారు. నేను కొత్తగా చేరినప్పుడు మీ ఫైళ్ళు చూపించే మాకు పని నేర్పారు, తెలుసా? మీరేంటండీ ఇలా?" మేడమ్ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "రెండు చెవులకీ మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని చూడండి."

"ఇంట్లో పిలుస్తారండీ."

మేడమ్ గొంతు మెత్తబడింది. ఆవిడకీ ఒక ఇల్లు ఉండే ఉంటుంది.

"పోనీ మంచి స్పీకర్లు కొనుక్కోండి. పాటలకి దడదడలాడే పెట్టెలు కాదు, మాట తేటగా వినబడేవి. చిన్నవైనా ఫర్వాలేదు. మీ చెవుల ఎత్తులో, అటొకటి ఇటొకటి పెట్టుకోండి. రోగుల సంగతులు కదా, గది తలుపేసుకుని వినండి. గది ఉందిగా మీకు?"

"ఉందండీ," అంది ఆమె. ఆమె టేబులు వంటింటికీ అత్తగారి గదికీ మధ్యనున్న నడవలో ఉంది.

"నెలాఖరుదాకా చూస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. మీకు ఫైళ్ళు పంపడం ఆపేస్తారు."

ఫోన్ పెట్టేశాక ఆమె పోయిన నెల ఖాళీలు మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఉద్యోగం పోతే ఇల్లు గడవకపోదు. ఆ మాట ఆమెకి ఆ ఇంట్లో ఏడాదికి పదిసార్లు గుర్తుచేస్తూనే ఉంటారు. కానీ ఈ పదకొండేళ్ళలో ఆమెకి గుండెలో ఎన్ని అరలుంటాయో, ఏ ఎముక విరిగితే ఎన్నాళ్ళకి అతుకుతుందో, ఏ మందుకి ఏ మందు పడదో తెలిసింది. భర్త మోకాలి నొప్పికి కారణం ఆయన డాక్టరు కంటే ముందే ఆమెకి తెలుసు. చెప్పింది కూడా. "నువ్వు టైపు చేస్తావు గానీ డాక్టరువి కాదుగా," అని ఆయన నవ్వాడు. ఈ పని పోతే, తనకి ఏదో తెలుసని తెలిసిన మనిషి లోకంలో ఒక్కరూ మిగలరు. ఆమెకి భయమేసింది. మంచి స్పీకర్లు దొరికితే అంతా సర్దుకుంటుందని గట్టిగా అనుకుంది.

స్పీకర్ల మాట ఎత్తగానే భర్త మొహం వెలిగింది. "నేనెప్పట్నుంచో అనుకుంటున్నా. మన టీవీ శబ్దం తుమ్మినట్టుంటుంది. కంప్యూటర్‌కీ టీవీకీ పనికొచ్చేట్టు ఒకటే మంచి సెట్టు తీసుకుందాం," అన్నాడు. ఇక ఆ రోజునుంచీ అది ఆయన వ్యవహారమైపోయింది. ఆఫీసులో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. భోజనాల దగ్గర వూఫర్ ఎన్ని అంగుళాలుండాలో తల్లికి వివరించాడు. ఆవిడ మునివేళ్ళతో కళ్ళజోడు సర్దుకుంటూ, అర్థమైనట్టు తలాడించారు.

"నాకు మాట తేటగా వినబడితే చాలండీ. చిన్నవైనా సరే," అంది ఆమె.

"వాట్స్ అంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలీదండీ."

"మరి?"

పదకొండేళ్ళుగా చెవితోనే బతుకుతున్న మనిషికి శబ్దం గురించి పాఠం చెప్పి, ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆమె పోట్లాడలేదు. క్వాలిటీ మేడమ్ చెప్పిన నాలుగు మాటలూ కాగితమ్మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది. ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్చుకోవడానికి ఇచ్చిన పాత ఫైలొకటి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంది. అందులో గొణుగుడు డాక్టరు ఒక ఉత్తుత్తి రోగి గురించి ఆరు నిమిషాలు గొణుగుతాడు. అసలు రోగుల ఫైళ్ళు బయటికి తీసుకెళ్ళకూడదు కదా. ఆ ఆరు నిమిషాలూ ఒకప్పుడు ఒక్క ఖాళీ లేకుండా టైపు చేసి ఆమె ఉద్యోగం తెచ్చుకుంది.

ఆదివారం ఇద్దరూ షాపుకి వెళ్ళారు. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న షాపాయన కొనేది ఎవరని అడగలేదు. ఆమె పక్కనే నిలబడి ఉన్నా, "రండి సార్, ఏ వాడకానికి సార్," అంటూ భర్తని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. గోడలకి దళసరి గుడ్డ కట్టిన చిన్న గది. అరల నిండా పెట్టెలు, మధ్యలో ఒక సోఫా. భర్త సోఫాలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఒక పెద్ద నల్లటి సెట్టులో పాటలు పెట్టించాడు. వూఫర్ మోగుతుంటే సోఫా అదిరింది. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన దేన్నయినా అంత శ్రద్ధగా వినడం ఆమె చూడలేదు.

"నా దగ్గర ఒక ఫైలుంది, అది పెడతారా? మనిషి మాట్లాడేది," అని ఆమె షాపాయన్ని అడిగింది.

"నువ్వాగు, అసలు వినాల్సింది బేస్," అన్నాడు భర్త. షాపాయన మాత్రం ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మాటకోసమా మేడమ్? అయితే ముందు ఇది పెట్టుకుని వినండి," అని అరలోంచి ఒక పెద్ద హెడ్‌ఫోన్ తీసి ఇచ్చాడు. "ఇందులో ఉన్నదున్నట్టు వినబడుతుంది. తర్వాత ఒక్కో స్పీకరూ వినిపిస్తాను. దీనికి ఏది దగ్గరగా ఉంటే అదే మీకు మంచిది. నేను ఎవరికైనా ఇలాగే చూపిస్తాను."

పదకొండేళ్ళ తర్వాత ఆమె రెండు చెవులూ మూసుకుంది. ఇక్కడ ఎవరూ పిలవరని తెలిసినా ఒకసారి తలుపు వైపు చూసింది. గొణుగుడు డాక్టరు మొదలుపెట్టాడు. ఎంత బాగా వినబడుతున్నాడో! ఆయన కాగితం తిప్పడం, గుటక మింగడం, వెనక గోడగడియారం కొట్టుకోవడం, అన్నీ. అయితే అదంతా ఎడమ వైపే ఉంది. కుడి వైపున ఎవరో దుప్పటి ముసుగుతన్ని మాట్లాడుతున్నారు.

"ఇది ఒకపక్క పాడైనట్టుందండీ. కుడిది సరిగ్గా పలకడం లేదు."

షాపాయన తీసుకుని తను పెట్టుకున్నాడు. "రెండూ శుభ్రంగా ఉన్నాయే! ఇటివ్వండి సార్, మీరు చూడండి." భర్త కూడా పెట్టుకుని చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది. నీకేంటి దీంట్లో లోపం కనిపించింది?" అన్నాడు.

ఆమె మళ్ళీ తీసుకుని, ఈసారి తిరగేసి పెట్టుకుంది. కుడిది ఎడమ చెవి మీద, ఎడమది కుడి చెవి మీద. ముసుగు ఎడమ వైపుకి రావాలి. రాలేదు. ఉన్నచోటే ఉంది. తీసింది, మళ్ళీ తిరగేసింది. ఎటు పెట్టినా డాక్టరు ఎడమ వైపునే మాట్లాడుతున్నాడు, కుడి వైపు ముసుగు తియ్యడం లేదు. పాడైంది హెడ్‌ఫోన్ కాదు.

భోజనాల దగ్గర భర్త ఎప్పుడూ ఆమెకి కుడిపక్కనే కూర్చుంటాడు. "చెప్పింది పెడచెవిన పెట్టడం నీకు బాగా అలవాటైపోయింది," అనేవాడు. "వినబడలేదండీ," అంటే, "వినబడలేదా, వినదలచుకోలేదా?" అనేవాడు. ఈమధ్య చుట్టాల పెళ్ళిలో ఎవరో ముసలావిడ పక్కన కూర్చుని పలకరిస్తే పలకలేదని, ఉద్యోగం చేస్తున్న పొగరని అత్తగారు వారం రోజులు సాధించారు. ఏ పక్కన కూర్చుందో ఇప్పుడు గుర్తొచ్చింది. అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. వాటన్నిటికీ ఆమె క్షమాపణలు కూడా చెప్పింది.

షాపాయన స్పీకర్లు ఒక్కొక్కటే వినిపించాడు. మూడో జత, జానెడెత్తు చెక్క పెట్టెలు, వాటిలో డాక్టరు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉన్నాడు. ఆమెకి తెలియకుండానే తల కాస్త తిరిగి ఎడమ చెవి అటు పోయింది. ఆరు నిమిషాల్లో ఒక్క ఖాళీ లేదు. ఎన్ని నెలలైందో అలా విని. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు.

"మాటకి ఇవే సార్. మేడమ్ చెవి మంచిది, సరిగ్గా పట్టారు," అన్నాడు షాపాయన.

"బేస్ ఏదీ ఇందులో? రేడియో విన్నట్టుంది." భర్త లేచి నిలబడ్డాడు. "ఏమంటావు? నల్లదే తీసుకుందామా? మాట కూడా బాగానే ఉందిగా అందులో."

వద్దండీ, నాకు ఈ చిన్నవే కావాలి అని ఆమె అనాలి. ఆ మాటకోసమే పర్సులో కాగితం పెట్టుకుని వచ్చింది. కానీ ఆమె మనసంతా కుడి చెవి దగ్గరే ఉంది. అక్కడ వేలు పెట్టి నొక్కుకుంటూ, "మీ ఇష్టమండీ," అంది.

"చూశారా? చివరికి నా దారికే వస్తుంది," అని ఆయన షాపాయనతో నవ్వాడు.

నల్లసెట్టు హాల్లో టీవీకింద కొలువైంది. కంప్యూటర్‌కి కలపడానికి పొడుగు వైరు కూడా కొన్నాడు గానీ, అది నడవలోంచి వేస్తే అత్తగారి కాళ్ళకి తగులుతుందని చుట్టచుట్టి పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నాలు అత్తగారు సీరియల్ పెట్టుకుంటే, అందులో తలుపు కొట్టినా, ఎవరైనా చెంపదెబ్బ కొట్టినా ఆమె టేబులు కింద నేల అదిరేది. పనిచేసే చెవిలో అది, పనికిరాని చెవిలో డాక్టరు. ఖాళీలు ఇరవై దాటాయి.

ఇంకో తొమ్మిది రోజుల్లో నెల అయిపోతుందనగా, కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి ఆమె చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ముందు పరీక్ష చేయాలని ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టారు. తలుపేస్తే బయటి లోకమే లేదు. శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమని పరీక్ష చేసే అమ్మాయి చెప్పింది. ఎడమ చెవికి ఆమె టకటకా నొక్కింది. కుడి చెవి వంతు వచ్చినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుంది, వేలు మీట మీద పెట్టుకుని. గాజు అవతల ఆ అమ్మాయి ఏవో తిప్పుతూనే ఉంది. పరీక్ష అయిపోయి తలుపు తెరిచినా ఆమెకి లేవబుద్ధి కాలేదు.

"ఏం పని చేస్తారు మీరు?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆమె చెప్పింది. "ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటారా? రోజుకి ఎన్ని గంటలు? గట్టిగా పెట్టుకుంటారా?"

"ఈ మధ్య గట్టిగానే. ఎనిమిది గంటలు. పదకొండేళ్ళ నుంచి."

"రెండో చెవి ఎందుకు వదిలేశారండీ?"

"ఇల్లు వినాలి కదమ్మా."

ఆ అమ్మాయి వింతగా చూడలేదు. "మీలాగే టైపు పని చేసేవాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చారు మా దగ్గరికి. ఇద్దరిదీ ఒక చెవే," అంది కాగితం మీద ఏదో రాస్తూ.

డాక్టరుగారు ఆ కాగితం చూసి చెప్పింది ఆమె ఎన్ని ఫైళ్ళలో టైపు చేసిందో! ఇలాంటి వినికిడి పోతే తిరిగి రాదు. మెషిను పెట్టుకోవచ్చు గానీ మాట పూర్తిగా తేటపడుతుందని చెప్పలేం. మిగిలిన చెవిని కాపాడుకోవాలి. అందులో ఇయర్‌ఫోన్ పెట్టకూడదు. "పెడితే అదీ ఇదే దారి. వయసు కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా తొందరగానే. పని మానలేకపోతే స్పీకర్లు పెట్టుకోండి, చిన్నగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో," అన్నారాయన. ఆమె ఆ వాక్యాల్లో కామాలూ ఫుల్‌స్టాపులూ ఎక్కడ పడతాయో చూసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం భర్త టీ తాగుతుండగా అంతా చెప్పింది. ఆయన నిజంగానే కంగారు పడ్డాడు. కప్పు కింద పెట్టి, కాగితం రెండుసార్లు చదివాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?" అన్నాడు. తనకే తెలియలేదని చెప్పింది.

"మెషినంటే వద్దులే. ఈ వయసులో చెవిలో మెషిను చూస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"మెషిను కాదండీ. సామాన్ల గది ఖాళీ చేసి ఇవ్వండి నాకు. దానికి తలుపుంది. ఆ నల్లసెట్టు ఇచ్చేసి, చెక్కవి చిన్నవి తెచ్చుకుందాం. నెలాఖరులోపు సర్దుకుంటే నా పని నిలబడుతుంది." అంత పొడుగు కోరిక ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ కోరలేదు. అది చెప్పడానికి మధ్యాహ్నం నుంచీ మనసులో వల్లె వేసుకుంది.

సామాన్ల గదిలో పాత సూట్‌కేసులు, తిరగని ఫ్యాను, భర్త రెండు వారాలు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిలు ఉన్నాయి. ఆయన ఆ తలుపు వైపు చూశాడు. తర్వాత తల్లి గది వైపు చూశాడు.

"నువ్వు తలుపేసుకుని కూర్చుంటే అమ్మ పిలిస్తే ఎవరు పలుకుతారు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆఫీసులో చిక్కుపడ్డ కాగితాన్ని విడదీసినప్పుడు వచ్చే తృప్తి ఆయన మొహంలోకి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ప్రేమగానే చెప్పాడు.

"చూడు. కుడి చెవి ఎలాగూ పాడైంది. ఆ టైపు పని ఉన్నన్నాళ్ళు ఆ చెవితోనే కానిచ్చెయ్. మంచి చెవి ఇంటికి ఉంచు. పాడుచేసుకోకు."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆవిడ మొహంలో జాలి ఉంది. "బెంగపెట్టుకోకు అమ్మాయ్. మాటలు పడటానికి రెండు చెవులెందుకు, ఒకటి చాలు," అన్నారు. నా బతుకంతా ఒక్క చెవితోనే గడవలేదా అన్నట్టు నిట్టూర్చి, లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచీ ఇద్దరూ ఆమెని ఎడమ పక్కకి వచ్చి పిలవడం మొదలుపెట్టారు. దాన్ని శ్రద్ధ అనే అంటారు. పక్క మారింది గానీ పిలుపులు తగ్గలేదు. ఎడమ పక్కనుంచి టీ, ఎడమ పక్కనుంచి కళ్ళజోడు, ఎడమ పక్కనుంచి ఇస్త్రీ చొక్కా.

ఆ రాత్రి సంగతి చెప్పడానికేం లేదు, అందరూ నిద్రపోయారు. ఆమె కూడా పోయింది. గదికోసం మళ్ళీ అడగలేదు. క్వాలిటీ మేడమ్‌కి ఫోన్ చేసి నిజం చెబుదామని ఒకసారి అనుకుంది, చెవి పోయిన మనిషికి వినే పని ఎవరిస్తారని మానుకుంది.

నెలాఖరుకి ఇంకా వారం ఉంది. ఆ రోజు భర్తకి సెలవు, హాల్లో నల్లసెట్టు మోగుతోంది. ఆమె పదిగంటలకల్లా వంట ముగించి, నడవలో టేబులు ముందు కూర్చుంది. ముందురోజు తెచ్చుకున్న కొత్త ఇయర్‌ఫోన్ పొట్లం విప్పింది. కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. ఈసారి కుడిదాన్ని కత్తిరించి, మిగిలినదాన్ని ఎడమ చెవిలో పెట్టుకుంది.

మొదటి ఫైలు పరుగు డాక్టరుది. ఒక్క మాటా జారిపోలేదు. మందుల పేర్లు, కొలతలు, పొట్ట మీద మచ్చ ఎక్కడుందో, రోగి ఎన్నాళ్ళుగా నిద్రపోలేదో, అన్నీ గింజ గింజగా వచ్చి పడ్డాయి. ఆమె వేళ్ళు ఆగకుండా పరిగెత్తాయి. ఖాళీ లేదు. రెండో ఫైల్లోనూ లేదు. మూడోదీ అయిపోయాక ఆమెకి తెలిసింది, ఇల్లు లేదని. కుక్కరు లేదు, బెల్లు లేదు, దగ్గు లేదు. అన్నీ ఉండే ఉంటాయి, కుడి వైపున ముసుగుకింద ఎక్కడో. ఇంత నెమ్మది ఆ ఇంట్లో ఆమెకి ఎప్పుడూ దొరకలేదు.

ఐదో ఫైలు మధ్యలో భుజం మీద చెయ్యి పడింది. భర్త పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక అత్తగారు, కళ్ళజోడు లేకుండా. ఇద్దరి నోళ్ళూ కదులుతున్నాయి. ఎంతసేపట్నుంచి పిలుస్తున్నామో తెలుసా అనే అయ్యుంటుంది. భర్త వేలితో ఆమె ఎడమ చెవి చూపిస్తున్నాడు, ఆ చెవి కాదు, ఆ చెవి కాదు అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఆమెకి డాక్టరుగారు చెప్పింది బాగా గుర్తుంది. ఈ చెవి కూడా పోతుంది. అది పోయాక ఫైళ్ళుండవు, కూతురి గొంతూ ఉండదు. ఇంకేమీ ఉండదు. అంతా తెలిసే పెట్టుకుంది. కాపాడుకుంటే మాత్రం ఎవరికోసం కాపాడుకోవాలో ఆయన ఆరోజే చెప్పేశాడు. ఆమె భర్త మొహంలోకి ఒకసారి చూసి, తల తెర వైపు తిప్పుకుని, వాల్యూమ్ చివరిదాకా పెంచింది.